పుక్కిలింత లెక్క



డాక్టర్ రఫియుద్దీన్ అహ్మద్‌గారి స్మృతిలో మాట్లాడమని అడిగితే కాదనడం నావల్ల కాలేదు. 1890 డిసెంబరు 24న తూర్పు బెంగాల్లో పుట్టిన ఆయన అమెరికా వెళ్ళి, అయోవా విశ్వవిద్యాలయంలో 1915లో దంతవైద్య పట్టా పుచ్చుకున్నారు. బోస్టన్‌లోని ఫోర్సైత్ పిల్లల దంతవైద్యశాలలో కొన్నాళ్ళు పనిచేసి, 1919లో స్వదేశం వచ్చేశారు. మరుసటి ఏడే కలకత్తాలో మన దేశపు మొదటి డెంటల్ కాలేజీ తెరిచారు. డబ్బెక్కడిదంటారా? కలకత్తాలోనే ‘న్యూయార్క్ సోడా ఫౌంటెన్’ అని ఒక దుకాణం పెట్టి, దాని రాబడి తెచ్చి కాలేజీలో పోశారు. తియ్యటి సోడాలమ్మిన లాభంతో పళ్ళ వైద్యం నేర్పిన మనిషి! నవ్వండి, ఆయనా నవ్వే ఉంటారు. 1928లో విద్యార్థుల కోసం పాఠ్యగ్రంథం రాశారు. 1949లో, కన్నబిడ్డలా పెంచిన కాలేజీని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం చేతిలో పెట్టారు. 1964లో పద్మభూషణ్ వచ్చింది. 1965లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజునే మనం దంతవైద్యుల దినంగా జరుపుకుంటున్నాం.

బజారులో పట్టకారు పట్టుకుని పళ్ళు పీకే రోజుల్లో, ఈ పనికి చదువు కావాలి, చేసే ప్రతిదానికీ కారణం చెప్పగలగాలి అని పట్టుబట్టిన మనిషి ఆయన. అందుకని ఆయన పేరు మీద ఇవాళ మనం రోజూ చేసే ఒక చిన్న పనిని కారణం అడుగుదాం.

పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోగానే అసిస్టెంటు ఒక చిన్న కప్పు అందిస్తుంది. అందులో గులాబీ రంగులోనో, ముదురు గోధుమ రంగులోనో కాస్త మందు. ‘పుక్కిలించండి’ అంటుంది. మనం రెండుసార్లు బుగ్గలాడించి ఉమ్మేస్తాం. తర్వాత లైటు వెలుగుతుంది, పని మొదలవుతుంది. ఇంతకీ ఆ కప్పు ఎందుకు? ఎవరిని, దేన్నుంచి కాపాడడానికి?

నా మాట ముందే చెప్పేస్తాను. చివరిదాకా దాచి ఊరించడం నాకు చేతకాదు. పనికి ముందు పుక్కిలిస్తే క్రిముల లెక్క తగ్గుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి. జబ్బులు తగ్గుతాయని మాత్రం, ఒక్క సందర్భంలో తప్ప, ఎవరూ గట్టిగా రుజువు చెయ్యలేదు. అందుచేత ఆ కప్పు ఉండాల్సిందే. దాన్ని చూసుకుని మరొకటి మానుకుంటే మాత్రం ప్రమాదం.

1

మొదట నోట్లో ఏముందో చూడాలి. హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. కటకాలు తానే నూరుకుని, వాటితో కంటికి దొరికినదల్లా చూసేవాడు. 1683 సెప్టెంబరులో ఆయన లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. తాను రోజూ ఉప్పుతో పళ్ళు తోముకుంటానని, అయినా పళ్ళ సందుల్లో తడిపిన పిండిలాంటి తెల్లటి పాచి పడుతోందని, దాన్ని నీళ్ళలో కలిపి కటకం కింద పెడితే బోలెడు ప్రాణులు కదులుతున్నాయని అందులో చెప్పాడు.

మనకు పనికొచ్చే ముక్క దాని తర్వాత వస్తుంది. ఆయన వెనిగర్‌తో నోరు పుక్కిలించి చూశాడు. పాచిలోని ప్రాణులు బతికే ఉన్నాయి. అదే పాచిని గోకి, బయట వెనిగర్‌లో కలిపితే చచ్చిపోయాయి. నోట్లో ఉన్నప్పుడు పైపైనున్నవే చచ్చాయి, పుల్లనీరు పాచి లోపలికి దిగలేదు అని తేల్చుకున్నాడు. మౌత్‌వాష్ వ్యాపారం పుట్టడానికి రెండు వందల ఏళ్ళ ముందే మౌత్‌వాష్ హద్దు ఏమిటో ఒక బట్టల వ్యాపారి చెప్పేశాడన్నమాట.

ఆయన చూసినదాన్నే ఇవాళ మనం బయోఫిల్మ్ అంటున్నాం. బాక్టీరియా తమ చుట్టూ జిగురు కట్టుకుని, పొరలు పొరలుగా పంటిని అంటుకుని ఉంటాయి. ఉమ్మిలో తేలేవాటి సంగతి వేరు. ఒక మిల్లీలీటరు ఉమ్మిలో సుమారు పది కోట్ల బాక్టీరియా ఉంటాయి. పుక్కిలింతకు దొరికేవి ఇవి, వీటితోపాటు బుగ్గల మీద, నాలుక మీద ఉన్నవి కొన్ని. పాచి అడుగున, చిగురు కింద సంచుల్లో దాక్కున్నవాటికి ఆ మందు అందదు. గార కట్టిన పళ్ళయితే చెప్పనే అక్కర్లేదు.

2

ఇప్పుడు గాలి సంగతి. 1957లో బోర్డెన్ ఎయిరోటర్ అనే గాలి చక్రపు డ్రిల్లు మార్కెట్లోకి వచ్చింది. నిమిషానికి మూడు లక్షల చుట్లు తిరిగే పనిముట్టు. మన క్లినిక్కుల్లో ఇప్పటికీ ఏ కంపెనీది కొన్నా ‘ఎయిరోటర్’ అనే అంటాం. అంత వేగంలో పన్ను కాలిపోకుండా నీళ్ళు చిమ్ముతూ ఉండాలి. గార తీసే అల్ట్రాసోనిక్ స్కేలర్ కొస సెకనుకు పాతిక వేలసార్లకు పైగా కంపిస్తుంది, దానికీ నీళ్ళు కావాలి. ఆ నీళ్ళు ఉమ్మితో, రక్తంతో, పాచితో కలిసి పొగలా లేస్తాయి. గది చీకటి చేసి పక్కనుంచి ఒక టార్చి వెయ్యండి, కనిపిస్తుంది. మా విద్యార్థులకు మాస్కు గురించి గంట పాఠం చెప్పేకన్నా ఇది ఒక్కసారి చూపిస్తే చాలు, మాస్కు ముక్కు మీద నుంచి కిందికి జారదు.

1969లో మిసిక్, ఆయన సహచరులు అమెరికాలో ఈ తుంపర్లను రెండు తరగతులుగా విడదీశారు. 50 మైక్రాన్లకన్నా పెద్ద చుక్కలు రాయి విసిరినట్టు వెళ్ళి పడతాయి: డాక్టరు కళ్ళద్దాల మీద, రోగి గుండెల మీద, ట్రేలో. అంతకన్నా చిన్నవి గాల్లో తేలుతూ చాలాసేపు ఉంటాయి. వాటిలో బాగా చిన్నవి ఊపిరితిత్తుల అడుగుదాకా పోగలవు.

వీటిని లెక్కపెట్టడం ఎలా? పద్ధతి చాలా సాదాది. రక్తం కలిపిన అగార్ పళ్ళేలు తీసుకుని రోగి ఛాతీ మీద ఒకటి, డాక్టరు ముఖం దగ్గర ఒకటి, అసిస్టెంటు పక్కన ఒకటి, కొంచెం దూరంగా ఒకటి మూతలు తీసి పెడతారు. స్కేలింగ్ చేస్తారు. మూతలు పెట్టి, వెచ్చటి పెట్టెలో రెండు రోజులుంచుతారు. తర్వాత ఎర్రటి పళ్ళెం మీద బూడిద రంగు చుక్కలు లేస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో క్రిముల కాలనీ. సాధారణంగా రోగి ఛాతీ మీది పళ్ళెం కిక్కిరిసి ఉంటుంది, లెక్కపెట్టేవాడి కళ్ళు నొప్పెడతాయి. ఇదే పని ముందు మందుతో పుక్కిలించిన రోగులకు, ఉత్త నీళ్ళతో పుక్కిలించినవాళ్ళకు చేసి పోలుస్తారు. 2019లో వచ్చిన ఒక సమీక్ష ఇలాంటి ప్రయోగాలన్నీ పోగేసి చూస్తే, మందు పుక్కిలించినప్పుడు చుక్కల లెక్క సగటున 64.8 శాతం తగ్గిందని తేలింది. తక్కువేం కాదు. నిమిషం పనికి, ఒక మూత మందుకి, దాదాపు మూడింట రెండొంతులు!

3

మందుల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. క్లోర్‌హెక్సిడిన్‌ను బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞులు తయారుచేశారు, 1954లో దాని వివరాలు అచ్చయ్యాయి. దంతవైద్యంలో దాని దశ తిరిగింది 1970లో. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో షియోట్, లో అనే ఇద్దరు పరిశోధకులు, బ్రష్ చేసుకోవడం మానేసిన విద్యార్థులతో రోజుకు రెండుసార్లు 0.2 శాతం మందు పది మిల్లీలీటర్లు పుక్కిలింపజేశారు. పాచి పట్టలేదు, చిగుళ్ళు వాయలేదు. దాని గుణమంతా అంటుకోవడంలో ఉంది. ఉమ్మేసిన తర్వాత కూడా బుగ్గలకూ పళ్ళకూ అంటుకుని గంటల తరబడి కొంచెం కొంచెంగా పనిచేస్తూనే ఉంటుంది. ఎక్కువ రోజులు వాడితే పళ్ళ మీద గోధుమ రంగు మరకలు పడతాయి, అన్నం రుచి మారుతుంది. పేస్టుతో తోముకున్న వెంటనే వాడితే పేస్టులోని నురగ రసాయనం దాన్ని పనిచెయ్యనివ్వదు, అరగంట ఆగాలి.

పొవిడోన్ అయోడిన్ మనందరికీ గాయాల మందుగా తెలుసు. వైరస్‌ల మీద బాగా పనిచేస్తుంది, కానీ అయోడిన్ పడనివాళ్ళకు, థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్ళకు, గర్భిణులకు ఇచ్చే ముందు ఆలోచించాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ కరోనా వచ్చిన 2020 వేసవిలో ఒక్కసారిగా గద్దె ఎక్కింది. సీపీసీ (సీటైల్ పైరిడినియం క్లోరైడ్) ఉన్నవి, నూనెల సారం ఉన్నవి మందుల షాపులో దొరుకుతూనే ఉన్నాయి. ఏది మేలు అని ఒక్కొక్కరు ఒక్కో కంపెనీ పేరు చెబుతారు. నన్నడిగితే ఏ మందు అన్నదానికన్నా ఎంతసేపు అన్నదే పెద్ద ప్రశ్న. సీసా మీద ముప్పై సెకన్లనో, నిమిషమనో ఉంటుంది. మన రోగులు ఐదు సెకన్లలో ఉమ్మేస్తారు. అసిస్టెంటు గోడ గడియారం వైపు చూడదు. వెనక వరసలో నవ్వుతున్న హౌస్ సర్జన్లకు నేనేమంటున్నానో తెలుసు.

క్లోర్‌హెక్సిడిన్ పడనివాళ్ళు చాలా అరుదు, కానీ ఉన్నారు. బ్రిటన్‌లో పన్ను పీకిన గుంటను ఆ మందుతో కడిగిన తర్వాత తీవ్రమైన అలర్జీతో ఇద్దరు చనిపోవడంతో, 2012లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ‘మౌత్‌వాషే కదా’ అనే మాట ఏ మందు విషయంలోనూ అనకూడదు.

4

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. పళ్ళెం మీద చుక్కలు తగ్గాయి సరే, జబ్బులు తగ్గాయా?

మన సికింద్రాబాద్‌లోనే 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అప్పటినుంచి దోమల్ని చంపుతున్నాం. అయినా ఊళ్ళో దోమలు సగానికి తగ్గాయి కాబట్టి మలేరియా సగమైపోయిందని ఏ ఆరోగ్యాధికారీ రిపోర్టు రాయడు. జ్వరాలు లెక్కపెట్టాకే రాస్తాడు. దంతవైద్యంలో మనం ఇన్నేళ్ళూ దోమల్నే లెక్కపెడుతున్నాం.

ఇది నా వెటకారం కాదు. 2022లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ వాళ్ళు ఈ పుక్కిలింతల మీద జరిగిన ప్రయోగాలను వెతికి, 17 అధ్యయనాలను ముందు పెట్టుకున్నారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, డాక్టర్లకూ సిబ్బందికీ జబ్బులు తగ్గాయా అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికిన అధ్యయనం ఆ పదిహేడింటిలో ఒక్కటీ లేదు. అన్నీ కాలనీలు లెక్కపెట్టినవే. ఆ లెక్కల మీద కూడా నమ్మకం చాలా తక్కువేనని వాళ్ళు రాశారు. అంతకు చాలా ముందే, 2003లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తన మార్గదర్శకాల్లో ఈ విషయం ఇంకా తేలలేదని, చెయ్యమనీ వద్దనీ తాము చెప్పడం లేదని నిజాయతీగా ఒప్పుకుంది.

కరోనా రోజుల్లో ఆ నిజాయతీకి తీరిక లేకపోయింది. 2020లో అమెరికా దంతవైద్య సంఘం దగ్గర్నుంచి మన కేంద్ర ఆరోగ్య శాఖదాకా అందరూ పనికి ముందు పుక్కిలించమన్నారు. భయంలో చెయ్యగలిగిందల్లా చెయ్యాలి కదా, నేను తప్పుపట్టను. పుక్కిలించాక ఉమ్మిలో వైరస్ కాసేపు తగ్గుతుందని తర్వాత చాలామంది చూపించారు. ‘కాసేపు’ అన్న మాట దగ్గర ఆగాలి. ఉమ్మి మనకు రోజుకు అరలీటరుకు పైగా ఊరుతుంది. ఆ వైరస్ లాలాజల గ్రంథుల్లోనూ, గొంతులోనూ, ముక్కు వెనకా ఉంటుంది. అక్కడికి పుక్కిలింత వెళ్ళదు. నోరు కడిగినంత మాత్రాన ఊట ఆగదు.

5

ఇంతసేపూ డాక్టరు గురించే మాట్లాడాం. కుర్చీలో పడుకున్న మనిషి మాటేమిటి?

1935లో లండన్‌లో ఓకెల్, ఇలియట్ అనే ఇద్దరు, పన్ను పీకిన వెంటనే రోగుల రక్తం తీసి పరీక్షిస్తే, చిగుళ్ళు చెడినవాళ్ళలో ఎక్కువమంది రక్తంలో స్ట్రెప్టోకాకస్ దొరికింది. మామూలు మనిషికి కాసేపట్లో రక్తమే శుభ్రపడుతుంది. కీళ్ళజ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్నవాళ్ళు, కవాటం మార్పించుకున్నవాళ్ళు మన ఊళ్ళలో తక్కువేం లేరు. వాళ్ళలో ఆ క్రిమి కవాటం మీద కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. అయితే ముందు బాగా పుక్కిలింపజేస్తే సరిపోదా? సరిపోదు. రక్తంలోకి పోయేది చిగురు కింది క్రిమి. లీవెన్‌హుక్ వెనిగర్ ఎక్కడ ఆగిందో మన మందూ అక్కడే ఆగుతుంది. బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2008లో ఈ గుండె జబ్బు నివారణకని క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత ఇవ్వొద్దని సూటిగా చెప్పింది. యాంటీబయాటిక్ విషయంలో దేశానికో మాట ఉంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007 నుంచి, కృత్రిమ కవాటం లాంటి బాగా ప్రమాదం ఉన్న కొద్దిమందికి మాత్రమే పనికి ముందు ఒక మోతాదు ఇవ్వమంటోంది. గుండె ఆపరేషన్ అయినవాళ్ళు ఆ సంగతి పళ్ళ డాక్టరుకు చెప్పకుండా కుర్చీ ఎక్కకూడదు. ‘పంటికీ గుండెకీ ఏం సంబంధం’ అని దాచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

ఇక ఒక్క సందర్భంలో తప్ప అన్నానే, అది ఇది. పన్ను పీకిన రెండు మూడు రోజులకు కొందరికి గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోయి, ఎముక బయటపడి, చెవిదాకా పొడుచుకొచ్చే నొప్పి వస్తుంది. డ్రై సాకెట్ అంటాం. పన్ను పీకే ముందు, పీకిన ఇరవైనాలుగు గంటల తర్వాత నుంచి క్లోర్‌హెక్సిడిన్‌తో పుక్కిలించినవాళ్ళలో ఇది తగ్గుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి, ఇక్కడ లెక్కపెట్టింది రోగుల నొప్పిని, కాలనీల్ని కాదు. చమత్కారమేమంటే డ్రై సాకెట్‌ను సూటిగా ఇన్ఫెక్షన్ అని కూడా అనలేం. మధ్యలోని ఆ మొదటి ఇరవైనాలుగు గంటలు మాత్రం పుక్కిలించకూడదు, గడ్డ కదులుతుంది. ‘శుభ్రంగా ఉంటుంది కదా’ అని సాయంత్రానికే ఉప్పునీళ్ళు గట్టిగా పుక్కిలించి, మర్నాడు బుగ్గ పట్టుకుని వచ్చేవాళ్ళను ప్రతి డాక్టరూ చూసే ఉంటాడు.

6

చివరి మెట్టు. పళ్ళ కుర్చీ దగ్గర నిజంగా జబ్బులు వచ్చిన చోట్ల, అవి ఎక్కడినుంచి వచ్చాయి?

2011లో ఇటలీలో 82 ఏళ్ళ వృద్ధురాలు లీజియోనెల్లా న్యుమోనియాతో చనిపోయింది. ఆరా తీస్తే ఆ మధ్య ఆవిడ ఇల్లు దాటి వెళ్ళింది పళ్ళ డాక్టరు దగ్గరికే. ఆ కుర్చీ నీటి గొట్టంలో అదే క్రిమి దొరికింది. 2016లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో పాలపళ్ళకు వేరు చికిత్స చేయించుకున్న పిల్లల్లో సుమారు డెబ్భైమందికి మైకోబాక్టీరియం అనే క్రిమి సోకింది. అదీ కుర్చీ నీళ్ళనుంచే. ఈ రెండుచోట్లా రోగులు ఎంత మంచి మందుతో ఎంతసేపు పుక్కిలించినా ఒరిగేదేమీ లేదు. క్రిమి వాళ్ళ నోట్లోది కాదు, మన గొట్టంలోది.

కుర్చీలోని గొట్టాలు సన్నటివి. రాత్రంతా, ఆదివారమంతా నీళ్ళు కదలకుండా నిలిచి ఉంటాయి. లోపలి గోడకు పంటి మీద పట్టినట్టే పాచి పడుతుంది. 2021లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు పనిచేసేటప్పుడు చుట్టుపక్కల పడిన తుంపర్లలోని క్రిములు ఎవరివో జన్యువుల ఆధారంగా పోల్చి చూస్తే, ఎక్కువ వంతు రోగి ఉమ్మివి కావు, చిమ్మిన నీళ్ళవేనని తేలింది. మన పళ్ళెం మీది చుక్కల్లో రోగివి ఎన్ని, మనవి ఎన్ని?

ఆ నీళ్ళలో మిల్లీలీటరుకు 500 కాలనీలకు మించకూడదని సీడీసీ హద్దు పెట్టింది. ఒక రోగికీ మరో రోగికీ మధ్య ఇరవై, ముప్పై సెకన్లు నీళ్ళు వదిలెయ్యమంది. వారానికోసారి మందుతో గొట్టాలు కడగడం, నీళ్ళు పరీక్షకు పంపడం పెద్ద ఖర్చేమీ కాదు. వీటికి తోడు లావు గొట్టం సక్షన్ నోటి పక్కనే పట్టుకుంటే తుంపర్లలో చాలావరకు పుట్టినచోటే పోతాయి. 1864లో న్యూయార్క్‌లో బార్నమ్ అనే డాక్టరు మొదలుపెట్టిన రబ్బర్ డ్యామ్ అనే పల్చటి తెర ఉమ్మిని పంటిదాకా రానివ్వదు. ఆటోక్లేవ్‌లో పనిముట్లు శుద్ధి చెయ్యడం, చేతులు కడగడం, టీకాలు నేను మళ్ళీ చెప్పాలా? రోగికి చూపించడానికి వీటిలో ఏదీ గులాబీ కప్పంత ముచ్చటగా ఉండదు. అందుకే కప్పు ముందుకొస్తుంది, గొట్టం వెనక్కి పోతుంది.

డాక్టర్లుగా, విద్యార్థులుగా ఉన్నవాళ్ళకు ఒక మనవి. రేపు ఉదయం మొదటి రోగి రాకముందు ఎయిరోటర్‌లోంచి వచ్చే నీళ్ళు శుభ్రమైన సీసాలో పట్టి ల్యాబుకు పంపండి. రిపోర్టు ఎలా వచ్చినా క్లినిక్ గోడ మీద అంటించండి. పుక్కిలింత కప్పు ఇచ్చేటప్పుడు గడియారం చూడమని అసిస్టెంటుకు చెప్పండి. డాక్టర్లు కానివాళ్ళు ఈసారి కుర్చీ ఎక్కినప్పుడు ఆ కప్పు తీసుకుని, చెప్పినంతసేపూ పుక్కిలించండి. మందులు పడకపోవడం, థైరాయిడ్, గుండె ఆపరేషన్, గర్భం ఏదున్నా అంతకుముందే చెప్పండి. ఉమ్మేసిన తర్వాత, మొహమాటపడకుండా, మీ కుర్చీ నీళ్ళు చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారని డాక్టరుగారిని అడగండి.